ఉందా, లేదా? ప్రోగ్రాం ఫైలును వెతికే పద్ధతి

ఫైలు ఉందో లేదో చూడమని ప్రోగ్రాంకు చెప్పడం ఒక్క లైను పని. ఆ లైను తెచ్చే జవాబును ఎంతవరకు నమ్మవచ్చు, ఎంతసేపు నమ్మవచ్చు అన్నదే అసలు విషయం. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఆ లైను రాయడం మొదటి వారంలోనే వచ్చేస్తుంది. నమ్మకం సంగతి చాలామందికి ఒకసారి దెబ్బ తగిలాక గానీ ఒంటబట్టదు.

పట్టుచీరలు నేసే ధర్మవరానికి 'ఉందా, లేదా' అన్న ప్రశ్న కొత్తది కాదు. పట్టుచీర మగ్గం మీద కూర్చునే జాకార్డ్ యంత్రం రోజంతా అడిగేది ఇదే. ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ మరీ జాకార్డ్ 1804లో రూపొందించిన ఈ యంత్రంలో డిజైనంతా అట్టలకు కొట్టిన రంధ్రాల్లో ఉంటుంది. నేతగాడు కాలితో తొక్కగానే ఒక అట్ట వచ్చి సూదుల వరసకు ఆనుకుంటుంది. రంధ్రం ఉన్నచోట సూది అందులోకి దూరుతుంది, దాని కొక్కెం పైకి లేచి పడుగు పోగును ఎత్తుతుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం పట్టు తప్పి కిందే ఉండిపోతుంది. 240 కొక్కేల జాకార్డ్ అయితే ఒక్క పేక వేసేలోపు 240 చోట్ల 'ఉందా, లేదా' అని చూసినట్టు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సూది ముందు చూసి, ఎవరికో కబురు పంపి, ఆ తర్వాత పోగు లేవడం జరగదు. చూడటమూ చేయడమూ ఒకే కదలిక. ప్రోగ్రాం రాసేవాళ్లు ఈ రెంటినీ విడదీస్తారు. చిక్కుల్లో చాలావరకు ఆ సందులోంచే వస్తాయి.

ఉదాహరణకు ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే ఒక చిన్న షాపు ఉందనుకుందాం. ప్రతి ఆర్డరుకూ ఒక ఫోల్డర్, అందులో కొంగుకు ఒక బొమ్మ ఫైలు, అంచుకు ఒకటి, బుటాకు ఒకటి. ఆర్డరు నంబరు ఇస్తే ఈ మూడింటినీ చదివి అట్టల లెక్క తయారుచేసే చిన్న ప్రోగ్రాం రాయాలి. మూడింటిలో ఒకటి లేకపోతే మధ్యలో ఆగిపోకుండా ఏది లేదో చెప్పాలి. అధ్యాయమంతా ఈ షాపు చుట్టూనే తిరుగుతుంది.

అడిగే మాట

పైథాన్‌లో ఓఎస్.పాత్.ఎగ్జిస్ట్స్ అనే ఫంక్షన్‌కు ఫైలు పాత్ ఇస్తే ట్రూ అనో ఫాల్స్ అనో చెబుతుంది. 2014లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి పాత్‌లిబ్ లైబ్రరీలోనూ ఎగ్జిస్ట్స్ ఉంది. లోపల జరిగేది దాదాపు అన్ని భాషల్లోనూ ఒకటే: ఆ పేరు గురించిన వివరాలు ఇమ్మని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడం. వివరాలు వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

ఎగ్జిస్ట్స్‌కు ఫైలైనా ఫోల్డరైనా ఒకటే. 'కొంగు' అనే పేరుతో ఫైలు బదులు ఎవరో ఫోల్డర్ తెరిచి పెట్టినా అది ట్రూ అనే అంటుంది. తర్వాత తెరవబోతే ప్రోగ్రాం బోర్లా పడుతుంది. అందుకే కావలసింది ఫైలే అయితే ఈజ్‌ఫైల్ అని, ఫోల్డరే అయితే ఈజ్‌డిర్ అని అడగాలి.

'లేదు' అన్న జవాబులో ఎన్ని రకాలు

ఫాల్స్ అన్న జవాబును 'ఫైలు లేదు' అని చదవడం తొందరపాటు. 'నాకు కనబడలేదు' అని చదవడం సరైనది. ఫైలు నిక్షేపంగా ఉండి కూడా కనబడకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది, వెతికిన చోటు వేరు కావడం. పూర్తి పాత్ ఇవ్వకుండా పేరు మాత్రమే ఇస్తే, ప్రోగ్రాం తాను ప్రస్తుతం ఏ ఫోల్డర్‌లో నడుస్తోందో అక్కడ వెతుకుతుంది. ఆ ఫోల్డర్ ప్రోగ్రాం రాసి పెట్టిన ఫోల్డరే కావాలని లేదు. చేత్తో నడిపినప్పుడు బాగా పనిచేసిన ప్రోగ్రాం, రాత్రి 2 గంటలకు దానంతటదే నడిచేలా పెడితే 'ఫైలు లేదు' అంటుంది. ఫైలు కదలలేదు, ప్రోగ్రాం నిలుచున్న చోటు మారింది.

రెండోది అనుమతి. ఫోల్డర్‌లోకి తొంగి చూసే హక్కు లేనప్పుడు పైథాన్ ఎగ్జిస్ట్స్ కొన్ని సిస్టమ్‌ల మీద ఫాల్స్ అని ఊరుకుంటుంది. తాళం వేసిన గది బయట నిలబడి 'లోపల ఎవరూ లేరు' అని చెప్పడం లాంటిది. మూడోది తెగిపోయిన లింకు: లినక్స్‌లో సింబాలిక్ లింకు ఉంటుంది, అది చూపించే అసలు ఫైలు ఉండదు. ఎగ్జిస్ట్స్ దాన్ని లేదనే అంటుంది. లింకు సంగతి మాత్రమే కావాలంటే లెగ్జిస్ట్స్ వేరే ఉంది. ఇక నెట్‌వర్క్ డ్రైవ్ అయితే తీగ ఊడినా ఫైలు లేనట్టే.

ఈ విషయంలో జావా కాస్త నిజాయితీగా ఉంటుంది. 2011లో వచ్చిన జావా 7లో ఎగ్జిస్ట్స్‌తో పాటు నాట్ ఎగ్జిస్ట్స్ అనే మరో ఫంక్షన్ కూడా పెట్టారు. ఒకే ఫైలుకు రెండూ ఫాల్స్ చెప్పవచ్చు. ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను అని అర్థం. ఉంది, లేదు, తెలియదు అనే మూడు జవాబులు ఉన్న ప్రశ్నను రెండు జవాబుల్లోకి కుదించడమే ఎగ్జిస్ట్స్‌లోని లోపం.

పేరు కుదరకపోతే

పెనుకొండను పెనుగొండ అని రాసేవాళ్లు, పలికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పశ్చిమ గోదావరిలో వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయమున్న పెనుగొండ అసలు వేరే ఊరు. హిందూపురాన్నీ హిందూపూర్ అని రాసేవాళ్లున్నారు. మనిషికి ఇవన్నీ అర్థమవుతాయి. ప్రోగ్రాంకు ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే ఫైలే. ఊరి పేర్లను ఫైళ్ల పేర్లలో వాడక తప్పదనుకుంటే ఒక్కో ఊరికి ఒకే పొట్టి గుర్తు నిర్ణయించుకోవాలి. రైల్వే ఏనాడో చేసిన పని ఇదే: ధర్మవరానికి డీఎంఎం, హిందూపురానికి హెచ్‌యూపీ, పెనుకొండకు పీకేడీ.

ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెడితే పెద్దబడి, చిన్నబడి గొడవ ఒకటి. విండోస్ మామూలుగా ఆ తేడా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. షాపులోని విండోస్ కంప్యూటర్ మీద దొరికిన ఫైలు లినక్స్ సర్వర్‌కు ఎక్కించాక దొరకదు. విండోస్ ఇంకో ఉపకారం కూడా చేస్తుంది. తెలిసిన రకం ఫైళ్ల పేరు చివరనుండే ఎక్స్‌టెన్షన్‌ను దాచేస్తుంది. అది కనబడక ఎవరో మళ్లీ తగిలిస్తే ఫైలు పేరు 'అంచు.బీఎంపీ.బీఎంపీ' అవుతుంది, తెర మీద మాత్రం చక్కగా 'అంచు.బీఎంపీ' అని కనిపిస్తుంది. ఫైళ్ల పేర్లను ఒక జాబితా నుంచి చదివేటప్పుడు లైను చివరి కనిపించని గుర్తు పేరుకు అంటుకుని రావడమూ మామూలే. స్ట్రిప్ అనే ఫంక్షన్‌తో దాన్ని తీసేయకుండా అలాంటి పేరుతో అడిగితే ఏ సిస్టమైనా లేదనే అంటుంది.

తెలుగులో పేరు పెట్టేవాళ్లకు మరో చిక్కుంది. దీన్ని దగ్గరగా చూడటం మంచిది. 'పైట' అనే పేరు తీసుకుంటే అందులో ప, ఐత్వం, ట ఉన్నాయి. యూనికోడ్‌లో ఐత్వానికి విడిగా ఒక సంకేతం ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వపు గుర్తు, దాని కింద వచ్చే మెలిక అని రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానం, తెర మీద రెండూ 'పైట'నే. కానీ యూటీఎఫ్-8లో మొదటిది 9 బైట్లు, రెండోది 12 బైట్లు. లినక్స్ ఫైలు పేరును బైట్ల వరసగానే చూస్తుంది కాబట్టి ఒకే ఫోల్డర్‌లో రెండు 'పైట'లు పక్కపక్కన ఉండగలవు. మాక్ కంప్యూటర్ల పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి పేర్లను ఇలా విడదీసే దాచేది. అందువల్ల ఒక మాక్ మీద పెట్టిన పేరు మరోచోట టైపు చేసిన అదే పేరుతో కలవకపోవచ్చు. అసలు 'డిజైన్' అన్న మాటలోనే ఐత్వం ఉంది, తప్పించుకోవడం కష్టం.

దీనికి మందు ఉంది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌తో పేర్లను ఎన్‌ఎఫ్‌సీ అనే కలిపిన రూపంలోకి మార్చి అప్పుడు పోల్చాలి. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా టైపు చేసే కనిపించని నాన్-జాయినర్ గుర్తు మాత్రం దీనికి లొంగదు. దాన్ని పేరులోంచి విడిగా తీసేయాలి. ఇంత బాధ వద్దనుకునేవాళ్లు ఫైలుకు ఆర్డరు నంబరే పేరుగా పెట్టి, తెలుగు పేరును ఫైలు లోపలి వివరాల్లో రాసుకుంటారు. పిరికితనంలా అనిపించినా రోజువారీ పనికి అదే మేలు.

చూసిన క్షణం, తెరిచిన క్షణం

పేరు సరిగ్గా ఉంది, చోటు సరిగ్గా ఉంది, జవాబు ట్రూ అని వచ్చింది. అప్పటికీ ఆ జవాబు అడిగిన క్షణానికి మాత్రమే నిజం. హిందూపురం నుంచి తత్కాల్ టికెట్ తీసుకునేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. బుకింగ్ ఏసీకి ఉదయం 10 గంటలకు, ఏసీ కాని తరగతులకు 11 గంటలకు తెరుచుకుంటుంది. తెర మీద 12 బెర్తులు ఉన్నాయని కనిపిస్తుంది. పేరు, వయసు నింపి డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టు చేతికొస్తుంది. తెర అబద్ధం చెప్పలేదు, చెప్పిన నిజానికి కాలం చెల్లింది.

ప్రోగ్రాంలోనూ అంతే. ఎగ్జిస్ట్స్ అడిగిన లైనుకూ, ఫైలు తెరిచే లైనుకూ మధ్య ఇంకో ప్రోగ్రాం ఆ ఫైలును తుడిచేయవచ్చు, పక్క కుర్చీలోని మనిషి పేరు మార్చేయవచ్చు. ఈ సందు భద్రతకూ ముప్పే. ఎక్కువ అధికారాలున్న ప్రోగ్రాం ఒక ఫైలును పరీక్షించి తృప్తిపడ్డాక, తెరిచేలోపు ఆ పేరును మరో రహస్య ఫైలుకు లింకుగా మార్చేయడం పాత దొంగదారి. యూనిక్స్‌లోని యాక్సెస్ అనే పిలుపు గురించిన మాన్యువల్ పేజీయే, దాన్ని నమ్మి ఆ తర్వాత తెరవవద్దని హెచ్చరిస్తుంది.

కాబట్టి చదవడమే ఉద్దేశమైనప్పుడు ముందు అడగడం అనవసరం. నేరుగా తెరవాలి, తెరుచుకోకపోతే వచ్చే ఎర్రర్‌ను పట్టుకోవాలి. దిగితే గానీ లోతు తెలియదన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. హిందూపురం దగ్గరి లేపాక్షిలో వేలాడే స్తంభం చూడటానికి వచ్చేవాళ్లు కూడా ఎవరి మాటా నమ్మరు. కింద గుడ్డ దూర్చి ఇవతలి నుంచి అవతలికి లాగి చూస్తారు. పైథాన్‌లో ట్రై అనే భాగంలో ఓపెన్ రాసి, ఎక్సెప్ట్ భాగంలో లేకపోతే ఏం చేయాలో రాస్తారు. 2012లో వచ్చిన 3.3 వెర్షన్ నుంచి ఫైలు లేకపోతే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ అనీ, అనుమతి లేకపోతే పర్మిషన్‌ఎర్రర్ అనీ విడివిడిగా వస్తాయి. ఎగ్జిస్ట్స్ ఒకే ఫాల్స్‌లో కలిపేసిన రెండు సంగతులు ఇక్కడ దేనికది తెలుస్తాయి.

కొత్త ఫైలు రాసేటప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. లేకపోతేనే తయారుచేయాలి, ఉంటే ముట్టుకోకూడదు. షాపులో రెండు కంప్యూటర్ల మీద ఇద్దరు ఒకేసారి 118 నంబరు ఆర్డరుకు ఫైలు తెరిచారనుకుంటే, రెండు ప్రోగ్రాంలూ 'లేదు' అన్న జవాబే విని రెండూ రాస్తాయి. వెనక రాసింది ముందుదాన్ని మింగేస్తుంది. దీనికి బస్టాండులో పరిష్కారం ఎప్పుడో కనిపెట్టారు. సీటు ఖాళీగా ఉందా అని కిటికీలోంచి చూసి, లోపలికెక్కి, నడిచి వెళ్లేవాడికి సీటు దొరకదు. చూస్తూనే టవల్ వేసేవాడికి దొరుకుతుంది. పైథాన్‌లో ఆ టవలే 'ఎక్స్' మోడ్. ఓపెన్‌కు ఆ అక్షరం ఇస్తే, ఫైలు లేకపోవడాన్ని చూడటం, దాన్ని సృష్టించడం ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే దెబ్బలో చేస్తుంది. ఇద్దరిలో ఒకరికే దక్కుతుంది, రెండోవాళ్లకు ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్ వస్తుంది. జాకార్డ్ సూది చేసేదీ ఇదే. అయితే టవల్ వేసి మనిషి దిగిపోతే సీటు ఊరికే ఖాళీగా ఉండిపోతుంది. ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోయి, పని జరుగుతోందని గుర్తుగా అది పెట్టుకున్న లాక్ ఫైలు మిగిలిపోవడం అలాంటిదే. లాక్ ఫైలులో వేసినవాడి ప్రాసెస్ నంబరు, వేసిన సమయం రాసిపెడితే తర్వాత వచ్చినవాళ్లు తీసేయాలో వద్దో తేల్చుకోగలరు.

ఉన్నది మొత్తం ఉందా

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతుండగానే ఫైలు పేరు ఫోల్డర్‌లో కనిపిస్తుంది. మధ్యలో పీకేసినా పేరు ఉండిపోవచ్చు. ఎగ్జిస్ట్స్ దాన్ని ఉందనే అంటుంది. 240 కొక్కేలకు, 400 అట్టలకు సరిపడే నలుపు తెలుపు బిట్‌మ్యాప్ లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. ఒక వరసకు 240 బిట్లంటే 30 బైట్లు. బిట్‌మ్యాప్‌లో వరస 4తో భాగించబడాలి కాబట్టి 32. 400 వరసలకు 12,800 బైట్లు, ముందుండే హెడర్, రంగుల పట్టిక కలిపి 62. మొత్తం 12,862. ఫైలు 8,192 బైట్ల దగ్గర ఆగిపోతే కొంగులో మూడోవంతు పైగా పోయినట్టే, మగ్గం మీదికెక్కాక గానీ తెలియదు. మంచి సంగతేమంటే, బిట్‌మ్యాప్ మొదటి రెండు బైట్లు బీ, ఎం అనే అక్షరాలు, ఆ తర్వాతి నాలుగు బైట్లలో మొత్తం సైజు రాసి ఉంటుంది. ఆ ఆరు బైట్లు చదివి అసలు సైజుతో పోల్చితే సగం ఫైలు అక్కడికక్కడే పట్టుబడుతుంది.

రాసే ప్రోగ్రాం మన చేతిలోనే ఉంటే ఇంకా మంచి మార్గం ఉంది. తాత్కాలిక పేరుతో మొత్తం రాసి, మూసి, చివరన అసలు పేరుకు మార్చాలి. ఒకే డిస్కు మీద పేరు మార్పు ఒక్క అడుగులో జరుగుతుంది. అసలు పేరు కనిపించిందంటే రాయడం పూర్తయినట్టే.

ఫైళ్లు కానివి

ఇదే ప్రశ్న ప్రోగ్రాం లోపలి వస్తువులకూ వస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో 'ఏమీ లేదు' అని సూచించే నల్‌ను ప్రవేశపెట్టి, 2009లో దాన్ని వంద కోట్ల డాలర్ల పొరపాటని తానే ఒప్పుకున్నాడు. ఇక్కడ తరచుగా జరిగే తప్పు వేరు: ఉండి సున్నా కావడాన్ని, అసలు లేకపోవడాన్ని కలిపేయడం. జరీ నిల్వ 0 అని పుస్తకంలో రాసుంటే తెప్పించాలి. జరీ పద్దే లేకపోతే ముందు పద్దు తెరవాలి. పైథాన్‌లో 'ఇఫ్ నిల్వ' అని రాస్తే రెండూ ఒకటైపోతాయి. 'ఈజ్ నాట్ నన్' అని అడగాలి, డిక్షనరీలో అయితే 'ఇన్'తో చూడాలి.

డేటాబేస్‌లో సెలెక్ట్‌తో చూసి ఇన్‌సర్ట్‌తో చేర్చడం ఆ తత్కాల్ కథే. ఉదాహరణకు కార్ల పట్టిక తీసుకుందాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు 2019 నుంచి తయారవుతున్నాయి. ఈనాటి కార్లలో చాలావాటికి 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. 1, 0 అంకెలతో తికమక పడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అలాంటి సంఖ్యల పట్టికకు కాపలా ప్రోగ్రాం కాదు, యూనిక్ అనే నిబంధన. చేర్చమని చెప్పాలి, ఉంటే డేటాబేసే వద్దంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి, ఉంటే ఏం చేయాలో కూడా అదే వాక్యంలో చెప్పవచ్చు. పట్టికలు సృష్టించేటప్పుడు రాసే 'ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్' పేరును మాత్రమే చూస్తుంది. పాత పట్టికలో కాలమ్‌లు వేరైనా అది నోరెత్తదు.

అమెజాన్ ఎస్3 లాంటి క్లౌడ్ నిల్వలో హెడ్ అనే విన్నపంతో ఆబ్జెక్ట్ ఉందో లేదో అడుగుతారు. జాబితా చూసే అనుమతి లేనివాళ్లకు, లేని ఆబ్జెక్ట్ గురించి కూడా 404 రాదు, 403 వస్తుంది. మళ్లీ తాళం వేసిన గదే. 2024 ఆగస్టు నుంచి 'లేకపోతేనే రాయి' అని ఎస్3కి ఒకే విన్నపంలో చెప్పవచ్చు. టవల్ క్లౌడ్‌కూ చేరింది.

ముందే అడగాల్సిన సందర్భాలు

ఎగ్జిస్ట్స్‌ను పూర్తిగా పక్కన పెట్టాలని దీని అర్థం కాదు. 40 ఆర్డర్ల అట్టల లెక్క రాత్రంతా నడవబోతుంటే, కావలసిన 120 ఫైళ్లూ ఉన్నాయా అని మొదటి నిమిషంలోనే చూసి లేనివాటి పేర్లన్నీ ఒకేసారి చెప్పడం ఎంతో మేలు. ఉన్న ఫైలు మీద మళ్లీ రాయాలా అని మనిషిని అడగడానికీ అది పనికొస్తుంది. ఉంటే చదువు, లేకపోతే మామూలు విలువలతో నడువు అనే సెట్టింగుల ఫైలుకూ సరిపోతుంది. ఆ పరీక్ష జరిగింది కదా అని తెరిచే చోట ఎర్రర్ పట్టుకోవడం మాత్రం మానకూడదు.

ఇక మిగిలింది వాడేవాళ్లకు చెప్పే మాట. 'ఎర్రర్: ఫైలు లేదు' అన్న సందేశంతో షాపులోని మనిషి చేయగలిగేదేమీ లేదు, ప్రోగ్రాం రాసినవాడికి ఫోన్ చేయడం తప్ప. ఏ పేరు, ఏ ఫోల్డర్, ఎందుకు దొరకలేదు అన్న మూడూ సందేశంలో ఉండాలి. ఫోల్డర్‌ను పూర్తి పాత్‌తో చూపాలి, పేరును కోట్ గుర్తుల మధ్య పెట్టాలి. చివర ఒక ఖాళీ అంటుకుని ఉంటే అది 'అంచు.బీఎంపీ ' అని బయటపడేది ఆ గుర్తుల మధ్యే.